కీళ్లవాతం అన్నారు, వారానికి ఒక మాత్ర రాశారు. కుట్టు పని మానేయాలా?

కుట్టుమిషను అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది పాలకొల్లు దగ్గర. నాకు 37 ఏళ్లు. ఇంట్లోనే జాకెట్లు కుడతాను, పద్నాలుగేళ్లుగా ఇదే పని. లైనింగ్ జాకెట్లు, చీరలకి ఫాల్సు, పీకో, పిల్లల లంగాలు, ఏదొస్తే అది. ఇక్కడ రాయడం ఇదే మొదలు. ఎక్కువ రాస్తే ఏమీ అనుకోకండి.

సంక్రాంతి ముందు మొదలైంది ఇది. మొదట చేతులకి కాదు, కాళ్లకి. పొద్దున్నే మంచం దిగి అడుగేస్తే వేళ్ల మొదట్లో గులకరాళ్ల మీద నడుస్తున్నట్టు ఉండేది. చెప్పుల వల్ల అనుకుని చెప్పులు మార్చాను. తర్వాత కాలి రెండో వేలు వాచి మెట్టె బిగుసుకుపోయింది. అవి పెళ్లినాటి గట్టి మెట్టెలు, ఇప్పటి వాటిలా నోరు విడి ఉండేవి కావు. సబ్బు, కొబ్బరినూనె, దారం చుట్టి లాగడం అన్నీ అయ్యాయి. చివరికి కంసాలి దగ్గరికి వెళ్లాం. ఆయన సన్న కత్తెర వేలికీ మెట్టెకీ మధ్య దూర్చి తెంపుతుంటే మా అత్తగారు మొహం పక్కకి తిప్పుకున్నారు. నొప్పికి కాదు గానీ అది చూసి నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు రెండు చేతులూ. చూపుడు వేలు, మధ్య వేలు అరచేతిలో కలిసే చోట కణుపులు, రెండు మణికట్లు. అయిదున్నరకి లేస్తే ఏడున్నర దాకా పిడికిలి ముడుచుకోదు. పాల ప్యాకెట్టు పళ్లతో చింపుతున్నా. బట్టలు పిండలేను. తొమ్మిది దాటితే కొంచెం వదులవుతుంది. మిషనుకి మోటారు ఉంది కాబట్టి కుట్టు లాగించేస్తా, కత్తెర పట్టుకున్నప్పుడే ప్రాణం పోతుంది. హుక్కులు, కాజాలు పక్కింటి అమ్మాయికి ఇస్తున్నా, జాకెట్టుకి ఇంత అని.

మా వీధి ఆర్‌ఎంపీ గారు ఇంజెక్షనూ చిన్న తెల్ల మాత్రలూ ఇస్తే అయిదు రోజులు స్వర్గంలా ఉంది. ఆపిన నాలుగో రోజుకి ముందుకంటే ఎక్కువైంది. ఒకాయన చికున్‌గున్యా తాలూకు అన్నారు, ఇంకొకరు మెనోపాజ్ ముందు మామూలే అన్నారు. చివరికి భీమవరంలో కీళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తే రక్త పరీక్షలు రాశారు. ఈఎస్ఆర్ 68, సీఆర్‌పీ 24 (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పేవట, రెండూ ఎక్కువే), ఆర్ఏ ఫ్యాక్టర్ పాజిటివ్, యాంటీ సీసీపీ బాగా ఎక్కువ (ఈ రెండూ ఈ జబ్బుని పట్టిచ్చేవట). చేతుల ఎక్స్‌రేలో మాత్రం ఏమీ లేదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం అన్నారు. ఆదివారం రాత్రి మెథోట్రెక్సేట్ 10 మి.గ్రా., మంగళవారం ఫోలిక్ యాసిడ్ 5, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్, ఆరు వారాలకి తక్కువ డోసులో స్టెరాయిడ్, అదీ తగ్గించుకుంటూ పోవాలట.

ఇంటికొచ్చాక మా ఆయన ఫోన్లో ఆ మాత్ర పేరు కొడితే క్యాన్సర్ మందు అని వచ్చింది. ఇంట్లో ఆ రాత్రి ఎవరూ అన్నం తినలేదు. మాత్రలు ఇంకా మొదలుపెట్టలేదు, ఫ్రిజ్ మీద ఉన్నాయి.

ఎక్స్‌రేలో ఏమీ లేనప్పుడు అంత పెద్ద మందు ఎందుకు? ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాల్సిందేనా? కుట్టు మానేయాలా? శ్రావణ మాసం వస్తోంది, ఏడాదిలో నాలుగు రూపాయలు కనిపించేది అప్పుడే. ఈ జబ్బుతో బతుకుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. డాక్టరుగారిని ఇవన్నీ అడగలేకపోయాను, బయట ఇంకా ముప్ఫైమంది కూర్చుని ఉన్నారు.

---

సుద్దముక్క జవాబు:

అమ్మాయ్, ముందు ఆ మాత్రలు ఫ్రిజ్ మీంచి దించు. తర్వాత మాట్లాడుకుందాం.

నేను ప్రొద్దుటూరులో హైస్కూలు జీవశాస్త్రం టీచరుగా చేసి రిటైరయ్యాను. ఈ జబ్బు నాకు 2006లో మొదలైంది. ఆ ఏడాది మా కడప జిల్లాలో చికున్‌గున్యా రాని ఇల్లు లేదు. వీధిలో అందరూ గోడ పట్టుకుని నడిచేవాళ్లే. (ఆ పేరుకి అర్థమే వంగిపోవడం, టాంజానియా వైపు భాషలో.) అందుకే నా నొప్పుల్ని కూడా ఎవరూ వేరుగా చూడలేదు. అందరికీ మూడు నెలలకో ఆరు నెలలకో తగ్గాయి, నావి తగ్గలేదు. 2008లో రాయవేలూరు పెద్దాసుపత్రికి వెళ్లేదాకా జబ్బు పేరు తెలియదు. రెండేళ్లు పోయాయి. ఆ రెండేళ్లలో పోయింది మళ్లీ రాలేదు. నా ఎడమ మణికట్టు ఇప్పుడు వంగదు, కుడి చేతి చివరి రెండు వేళ్లు బయటి వైపుకి వాలిపోయాయి. నీకు అయిదారు నెలల్లోనే పేరు తెలిసింది. అది ఎంత అదృష్టమో నీకు ఇప్పుడు అర్థం కాదు.

ఎక్స్‌రే సంగతి. కీలు లోపల గోడకి పల్చటి పొర ఒకటి ఉంటుంది, జారుడుగా ఉండే ద్రవాన్ని ఊరించేది అదే. ఈ జబ్బులో మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరబడి ఆ పొర మీద పడుతుంది. పొర వాచి, దళసరెక్కి, పక్కనున్న మృదులాస్థినీ ఎముకనీ కొరకడం మొదలుపెడుతుంది. బావి గట్టున రావి మొక్క మొలవడం చూశావా? మొదట్లో రెండు ఆకులే. గోడ నెర్రెలిచ్చేది తర్వాత. ఎక్స్‌రే చూపించేది ఆ నెర్రెల్ని. నీకింకా నెర్రెలు లేవు, మొక్క మాత్రం ఉందని రక్త పరీక్షలు చెప్తున్నాయి. మీ డాక్టరు తొందరపడేది అందుకే, ఎక్స్‌రేలో కనిపించేదాకా ఆగితే ఆలస్యమైనట్టు.

ఇది మోకాళ్లు అరిగే జబ్బు కాదు. అది వేరే. మా వదినది అరుగుడు. ఆమెకి నడిస్తే నొప్పి, కూర్చుంటే హాయి. పొద్దున పట్టేసినా పావుగంటకి సర్దుకుంటుంది. మనకి తిరకాసు, రాత్రంతా కదలకుండా పడుకున్నందుకే బిగుసుకుపోతాం, కదిలేకొద్దీ వదులవుతాం. గంటకి పైగా బిగుతు, రెండు వైపులా ఒకే కీళ్లు, చిన్న కీళ్లు ముందు. నువ్వు రాసినదంతా పాఠంలా ఉంది.

ఇక క్యాన్సర్ మందు సంగతి. క్యాన్సర్‌లో ఇచ్చే డోసు చాలాసార్లు వందల్లో, ఒక్కోసారి వేల మిల్లీగ్రాముల్లో ఉంటుంది. మనకి వారానికి 7.5 నుంచి 25 లోపు. పొయ్యికీ దీపానికీ వాడే నిప్పు ఒకటే కదా. అమెరికాలో ఈ జబ్బుకి దీన్ని 1988లోనే ఆమోదించారు, అప్పటినుంచీ ఎక్కువమందికి ముందు మొదలుపెట్టేది ఇదే. చవక కూడా.

ఒక సంగతి చెప్తాను, మీ జిల్లా వాళ్లకి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఎల్లాప్రగడ సుబ్బారావు అని విన్నావా? 1895లో మీ భీమవరంలో పుట్టారు. అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధన నడిపించారు. ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ను ప్రయోగశాలలో తయారు చేసింది ఆయన బృందమే. ఆ ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందుగా మెథోట్రెక్సేట్ పుట్టిందీ అక్కడే. 1948లో పోయారు, మన కీళ్లకి అది పనికొస్తుందని చూడకుండానే. నీ చీటీలో ఆదివారం మాత్ర, మంగళవారం మాత్ర రెండూ మీ ఊరాయన చేతి మీదుగా వచ్చినవే. నేను పదో తరగతి పిల్లలకి ఇది చెప్పినప్పుడల్లా నా మాత్రల పట్టీ తీసి చూపించేదాన్ని.

జీవితాంతమా అంటే, చాలామందికి చాలా ఏళ్లు. బీపీ, షుగర్ లాగే. జబ్బు అణిగి చాలా నెలలు నిలకడగా ఉంటే డాక్టర్లే డోసు తగ్గిస్తారు. మనంతట మనం ఆపితే మళ్లీ లేస్తుంది, నేను రెండుసార్లు ఆపి చూశాను. ఇంకో మాట, ఈ మాత్ర పని మొదలుపెట్టడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. అంతదాకా ఆగలేక చాలామంది మూడో వారానికి "పనిచేయట్లేదు" అని పారేస్తారు. ఆ మధ్యకాలం గడవడానికే నీకు తక్కువ డోసు స్టెరాయిడ్ ఇచ్చారు.

కుట్టు సంగతి తర్వాత రాస్తాను, ఇప్పటికే వేళ్లు మొరాయిస్తున్నాయి.

---

మందులకొట్టు జవాబు:

టీచరమ్మగారు బాగా చెప్పారు. నేను తెనాలిలో మెడికల్ షాపు నడుపుతాను, ఒకే ఒక్క మాట గట్టిగా చెప్పడానికి వచ్చాను.

ఈ మాత్ర వారానికి ఒక్క రోజే. రోజూ కాదు. మన భాషలోనే ఒక చిక్కు ఉందండీ. "వారానికి" అని డాక్టరు చెప్తే కొందరికి "వారం రోజులు" అని వినిపిస్తుంది. పక్క ఊరి పెద్దాయన ఒకాయన అలాగే రోజూ వేసుకున్నారు. పదో రోజుకి నోరంతా పుండ్లు, మంచినీళ్లు కూడా మింగలేకపోయారు, రక్త కణాలు పడిపోయి ఆసుపత్రిలో చేరారు. బతికారు, అది ఆయన అదృష్టం. అప్పటినుంచి నేను ఈ పట్టీ అమ్మితే పెన్నుతో దాని మీద "ఆదివారం మాత్రమే" అని రాసి, చదివి వినిపించమని అడుగుతాను. కోప్పడేవాళ్లు కోప్పడతారు.

ఇంట్లో మిగతా మాత్రల డబ్బాలో దీన్ని కలపకండి. 2.5, 5, 7.5, 10 ఇలా రకరకాల బలాల్లో వస్తుంది. ప్రతిసారీ పట్టీ మీద అంకె చూడండి. ఆదివారం మర్చిపోతే సోమవారం రెండు వేసేసుకోవడాలు వద్దు, డాక్టరుకి ఫోన్ చేయండి. వేరే దేనికైనా ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే ఈ మాత్ర వాడుతున్నానని ముందే చెప్పండి. ముఖ్యంగా మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి ఇచ్చే కోట్రైమాక్సజోల్ దీంతో కలిస్తే ప్రమాదం. జ్వరం, దగ్గు గట్టిగా ఉన్న వారం వేసుకోవాలా వద్దా అని అడిగాకే వేసుకోండి. మొదట్లో కొన్ని వారాలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి రక్తం, లివరు, క్రియాటినిన్ (కిడ్నీల) పరీక్షలు ఎగ్గొట్టకండి. హైడ్రాక్సీక్లోరోక్విన్‌కి కంటి డాక్టరు దగ్గర రెటీనా చూపించుకోవాలి.

మీకే కాదు, ఇది చదివే మిగతా ఆడవాళ్లకీ చెప్తున్నా. పిల్లల కోసం చూస్తున్నవాళ్లు మెథోట్రెక్సేట్ వాడకూడదు, బిడ్డకి హాని. ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్తే వేరే మందులున్నాయి. మొహమాటపడకండి.

---

బొటనవేలు జవాబు:

అక్కా, నాది మీ జబ్బు కాదు, గౌటు, అంటే యూరిక్ యాసిడ్ కీళ్లలో పేరుకునే జబ్బు. ఖమ్మంలో లారీ నడుపుతా. కాలి బొటనవేలు రాత్రికి రాత్రి ఎర్రగా వాచింది, ఫ్యాను గాలి తగిలినా అరిచేవాణ్ణి, దుప్పటి సంగతి దేవుడెరుగు. ముందురోజు బోటి, కార్జం, నాలుగు బీర్లు. యూరిక్ యాసిడ్ చూపిస్తే నార్మల్ అని వచ్చింది, ఇది గౌటు కాదన్నారు. నొప్పి తగ్గిన రెండు వారాలకి మళ్లీ చేయిస్తే 9.2. నొప్పి లేచినప్పుడు అది ఒక్కోసారి మామూలుగానే చూపిస్తుందట.

చెప్పేదేంటంటే, మా క్లీనరు వాళ్ల అమ్మకి కీళ్లవాతం, ఆమె మాత్రలు నాకు ఇచ్చాడు, నేను వేసుకున్నా. గాడిద పని. కీళ్ల నొప్పులన్నీ ఒకటి కాదని అప్పుడు తెలిసింది. మీ రిపోర్టులు పట్టుకుని ఇంకెవరి మందులూ వాడకండి.

---

గోదారిగాలి జవాబు:

అందరూ ఇంగ్లీషు మందులే చెప్తున్నారు. మా పిన్నిగారికి ఇలాగే ఉంటే ఒక పెద్దాయన దగ్గర పొడి పొట్లాలు తెచ్చాం. పేరు చెప్పను, ఇక్కడ ప్రచారం అనుకుంటారు. మూడో రోజుకి లేచి వంట చేసింది. పత్యం ఒక్కటే, వంకాయ, గోంగూర, చింతపండు మానాలి. ఆవిడ ఇప్పుడు శుభ్రంగా ఒళ్లు చేసి హాయిగా ఉంది. మీ అత్తగారి తరం వాళ్లు ఊరికే చెప్పరు, ఒకసారి ఆలోచించండి.

---

కుట్టుమిషను జవాబు:

అందరికీ పేరుపేరునా దణ్ణాలు. గోదారిగాలి గారూ, నిజం చెప్పాలంటే మా అత్తగారూ అదే అంటున్నారు. ఆవిడ ఎవరి ద్వారానో అలాంటి పొట్లాలే పదిహేను తెప్పించి దేవుడి గూట్లో పెట్టారు. ఇటు ఫ్రిజ్ మీద మాత్రలు, అటు గూట్లో పొట్లాలు. టీచరమ్మగారూ, మీరేమంటారు? ఆవిడ మీద నాకు కోపం లేదు, నా కోసమే తెప్పించారు.

---

సుద్దముక్క జవాబు:

మూడో రోజుకే లేచి వంట చేసింది అన్నచోటే నాకు గుండె జల్లుమంది.

ఆ పొట్లాలు నేనూ తిన్నాను. 2006 చివరి నుంచి దాదాపు ఏడాదిన్నర. గోధుమ రంగు పొడి, కొంచెం చేదు, తేనెలో కలిపి రోజుకి రెండు. మూడో రోజుకి బోర్డు మీద రాశాను, ఆ ఇచ్చినాయన కాళ్లకి మొక్కాలనిపించింది. ఆకలి విపరీతంగా వేసేది. మొహం గుండ్రంగా పున్నమి చంద్రుడిలా అయింది. స్టాఫ్ రూములో అందరూ "మేడమ్, ఒళ్లొచ్చింది, బాగున్నారు" అన్నారు. నేనూ మురిసిపోయాను. అద్దంలో నన్ను నేను చూసుకుని మురిసిపోవడం ఈ జబ్బులో నేను చేసిన పెద్ద పొరపాటు. షుగర్ వచ్చింది. చెయ్యి కొంచెం గీసుకుంటే నల్లగా కమిలేది.

ఒక వేసవిలో ఆ మనిషి ఊళ్లో లేడు, పొట్లాలు అయిపోయాయి. అయిదో రోజు వాంతులు, కళ్లు తిరిగి వంటింట్లో పడిపోయాను. బీపీ అందట్లేదన్నారు. రాయవేలూరులో డాక్టరమ్మ నా మొహం చూసి పొడి సంగతి నేను చెప్పకముందే అడిగింది. అందులో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. అన్ని పొడుల్లోనూ ఉందని నేననను, కానీ పేరు లేని, చీటీ లేని పొడి మూడో రోజుకే నిలబెట్టిందంటే అనుమానించాల్సిందే. ఎంత కలిపాడో కలిపినవాడికే తెలియదు. ఎక్కువకాలం తింటే ఒంట్లో సహజంగా ఊరే స్టెరాయిడ్ ఆగిపోతుంది, అందుకే ఒక్కసారి మానితే మనిషి కుప్పకూలేది. గోదారిగాలి గారూ, మీ పిన్నిగారిని కూడా హఠాత్తుగా మానేయమనకండి. మొహం గుండ్రంగా అయిందేమో చూసి, షుగరూ బీపీ చేయించి, పొట్లం పట్టుకునే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆయన మెల్లగా తగ్గిస్తారు.

అమ్మాయ్, నీ డాక్టరు ఇచ్చిందీ స్టెరాయిడే కదా అంటావేమో. దానికి డోసుంది, ఆరు వారాల గడువుంది, పక్కనే వేరు మీద పనిచేసే మందుంది. నా పొడి చేసిందేమిటంటే, నొప్పి లేకుండా చేసి నా మణికట్టు అరిగిపోయేదాకా నన్ను హాయిగా పాఠాలు చెప్పుకోనిచ్చింది. నొప్పి తగ్గడం వేరు, జబ్బు ఆగడం వేరు.

పత్యం గురించి ఎక్కువ చెప్పను. చింతపండుతో కీళ్లు వాస్తాయనడానికి నాకు ఆధారం కనబడలేదు. పులుసు మానేసి ఒక ఏడాది నోరు చప్పబెట్టుకున్నాను, ఏ తేడా లేదు. నీకు ఫలానాది తింటే పడట్లేదనిపిస్తే మానెయ్, అంతే. ఇంట్లో పొగ తాగేవాళ్లుంటే బయటికి పంపు, పొగ ఈ జబ్బుకి నిజంగా శత్రువు. పళ్ల చిగుళ్లు బాగా చూసుకో.

ఇప్పుడు నీ కుట్టు. మానక్కర్లేదు. మార్చుకోవాలి. నేను సుద్దముక్క పట్టుకోలేక దానికి సైకిల్ ట్యూబు ముక్క తొడిగి లావు చేశాను, ఎంత లావుంటే వేళ్లు అంత తక్కువ బిగించాలి. పెన్నుకీ గరిటకీ అదే. డబ్బా మూత తిప్పేటప్పుడు వేళ్లతో కాకుండా అరచేయి ఆనించి తిప్పు. వేళ్లు చిటికెన వైపుకి నెట్టే పని ఏదైనా చెడ్డదే. పట్టుకారు వద్దు, మసిగుడ్డతో రెండు చేతులా గిన్నె దించు. బట్టలు పిండకు, కొళాయికి వేలాడదీసి నీళ్లు ఓడనివ్వు. పొద్దున లేవగానే గోరువెచ్చని నీళ్లలో చేతులు పది నిమిషాలు ఉంచి నీళ్లలోనే వేళ్లు ముడిచి తెరువు. కానీ కీలు ఎర్రగా వేడిగా పొంగి ఉన్న రోజు వేడి వద్దు, తడిగుడ్డ చల్లగా వెయ్యి. ఆ రోజు కత్తెర ముట్టుకోకు. బాగున్న రోజు మాత్రం చేతుల్ని దాచిపెట్టుకోకు, వాడకపోతే కండ పోతుంది.

ఇవన్నీ తెలిసినా నాకు అన్నిటికంటే కష్టమైంది నీరసం. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఒంట్లోంచి ఎవరో ప్రాణం తోడేసినట్టు. మా ఇంట్లోవాళ్లకి చేతుల వాపు కనబడేది గాని ఇది కనబడేది కాదు. అది సోమరితనం కాదు, జబ్బులో భాగమే. మీ ఆయనకి ఈ పేరా చదివి వినిపించు.

---

కుట్టుమిషను జవాబు (నాలుగు నెలల తర్వాత):

అందరూ ఏమైందని అడిగారు కాబట్టి రాస్తున్నా. ఆ ఆదివారమే మొదలుపెట్టాను. మా ఆయనే మాత్ర చేతిలో పెట్టి, పట్టీ మీద అంకె పైకి చదివాడు. మందులకొట్టుగారి మాట మర్చిపోకుండా గోడ క్యాలెండర్‌లో ఆదివారాల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టాం.

మొదటి నెల సోమవారాలు నరకం. కడుపులో వికారం, టీ వాసన పడేది కాదు. డాక్టరుగారికి చెప్తే శనివారం రాత్రికి మార్చుకోమన్నారు, ఎలా మార్చాలో కాగితం మీద రాసిచ్చారు. ఇప్పుడు వికారం ఆదివారం సెలవురోజు మీద పడుతోంది, అదీ కొంచెమే. ఏడో వారం దాకా ఏ మార్పూ లేదు. టీచరమ్మగారు ముందే చెప్పకపోయి ఉంటే పారేసేదాన్నే. తొమ్మిదో వారం ఒక పొద్దున పాల ప్యాకెట్టు చేత్తో చింపేసి, పొయ్యి మీద పెట్టేశాక గుర్తొచ్చింది, పళ్లతో చింపలేదని.

ఇప్పుడు పొద్దున బిగుతు ఇరవై నిమిషాలు. సీఆర్‌పీ 6 వచ్చింది. లివరు బాగానే ఉందట. స్టెరాయిడ్ ఆగిపోయింది. కుడి మణికట్టు మాత్రం ఇంకా పూర్తిగా దిగలేదు, ఇలాగే ఉంటే ఇంకో మందు కలుపుతామన్నారు.

శ్రావణానికి తొంభై జాకెట్లు పట్టేదాన్ని, ఈసారి నలభై రెండు. పాత బేరాలు కొన్ని పోయాయి, అబద్ధం చెప్పను, బాధేసింది. స్ప్రింగు ఉండే కత్తెర కొన్నాను, నొక్కి వదిలితే దానంతటదే తెరుచుకుంటుంది. పట్టుగుడ్డ మీద మొదట సరిగా నడవలేదు, రెండు ముక్కలు పాడయ్యాయి, ఇప్పుడు అలవాటైంది. దాని పిడికి సైకిల్ ట్యూబు చుట్టాను. పక్కింటి అమ్మాయి హుక్కులే కాదు, కటింగ్ కూడా నేర్చుకుంటోంది. మందపాటి లైనింగు దాని చేత కోయిస్తున్నా.

పొట్లాలు మా అత్తగారు నాకు చెప్పకుండా తీసుకెళ్లి కాలవలో కలిపేశారు. చేపలకేమవుతుందో అని మా అబ్బాయి అడిగాడు, ఆవిడ సమాధానం చెప్పలేదు. వరలక్ష్మీ వ్రతానికి ముందు ఆవిడే కంసాలి దగ్గరికి వెళ్లి కొత్త మెట్టెలు చేయించారు. ఈసారి నోరు విడి ఉన్నవి, వేలు వాస్తే వదులు చేసుకోవచ్చు. కుడి కాలికి ఎక్కింది. ఎడమ కాలికి ఇంకా పట్టట్లేదు. వచ్చే నెల చూద్దాం అన్నారు, డాక్టరుగారు కాదు, మా అత్తగారు.